సాగు చేసే చేతికి ప్రభుత్వ నిధి: దిగువ కృష్ణా డెల్టాలో కౌలు రైతు పత్రాలు, విస్తరణ విభాగం బాధ్యత

వ్యవసాయానికి ప్రభుత్వం కేటాయించే సొమ్ము రైతును చేరే దారి రికార్డుల గుండా సాగుతుంది. పెట్టుబడి సాయం, పంట రుణంపై వడ్డీ రాయితీ, బీమా పరిహారం, విపత్తు అనంతర పెట్టుబడి రాయితీ, మద్దతు ధరకు ధాన్యం కొనుగోలు - వీటిలో ఏది అందాలన్నా సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగుదారు పేరు, బ్యాంకు ఖాతా అనే అయిదు వివరాలు ఒకే వ్యక్తిని చూపాలి. సొంత భూమిని స్వయంగా సాగు చేసే రైతుకు ఈ అయిదూ సహజంగానే ఒకచోట కలుస్తాయి. కౌలు రైతు విషయంలో సర్వే నంబరు ఒకరి పేరున ఉంటుంది, పంట మరొకరి చేతిలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే పత్రం సకాలంలో సిద్ధం కాకపోతే, పథకం ఎంత ఉదారమైనదైనా ఆ రైతు గడప తొక్కదు.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో మాగాణి సాగులో గణనీయమైన భాగం కౌలు రైతుల చేతుల మీదుగా జరుగుతున్నది. వీరిలో అధికులు సొంత భూమి లేనివారు, లేదా అర ఎకరం, ఎకరం మాత్రమే ఉన్నవారు. విస్తరణ సిబ్బంది వీరికి రకాలు, ఎరువుల మోతాదులు, సస్యరక్షణ గురించి చెబుతారు. పత్రాల విషయం మాత్రం రెవెన్యూ, బ్యాంకు సిబ్బంది పనిగా భావించి పక్కన ఉంచడం పరిపాటి. కౌలు పత్రం, ఈ-పంట నమోదు, బీమా, రుణ దరఖాస్తు అనేవి నారుమడి, నాట్లు, పైపాటు ఎరువు వలె అదను తప్పకుండా చేయవలసిన సాగు పనులేనని, వాటిని పంట క్యాలెండరులో భాగంగా చూడటం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత అని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంతం, పంట, ప్రమాదం

విజయవాడ వద్ద 1852-55 మధ్య నిర్మించిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి ఈ డెల్టాకు ప్రాణాధారం. అయితే కాలువ తల దగ్గర ఉన్న పొలానికి, శివారు పొలానికి నీరు ఒకే రోజున చేరదు. మన మూడు ప్రాంతాలూ ప్రధానంగా శివారు ఆయకట్టు కిందికి వస్తాయి. గుడివాడ పరిసరాలలోని బరువైన నల్లరేగడి నేలల్లో మురుగు పారుదల ప్రధాన సమస్య. మచిలీపట్నం తీర గ్రామాలలో నేలలోనూ భూగర్భ జలంలోనూ ఉప్పు శాతం అధికం. అందుకే మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం నుండి ఎం.సి.ఎం. శ్రేణిలో చౌడును తట్టుకునే వరి రకాలు వెలువడ్డాయి. పులిగడ్డ వద్ద చీలే కృష్ణానది పాయల మధ్య, సముద్రానికి ఆనుకుని ఉన్న దివిసీమలో, ముఖ్యంగా నాగాయలంక, కోడూరు మండలాలలో, ఈ రెండు సమస్యలకూ తోడు నీటి రాకలో ఆలస్యం కూడా ఉంటుంది.

నాట్లు ఆలస్యమైతే కోత నవంబరు చివరికి, డిసెంబరుకు జరుగుతుంది. బంగాళాఖాతంలో తుఫానులు తరచుగా వచ్చే కాలమూ అదే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 1990 మే నెలలో మరో తీవ్ర తుఫాను మచిలీపట్నం సమీప తీరాన్ని తాకింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు డెల్టా వరి పంట కోత దశలో ఉన్నది. కాబట్టి ఇక్కడ విపత్తు సాయం ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే విషయం కాదు. అది సాగు ప్రణాళికలో ముందుగానే లెక్కలోకి తీసుకోవలసిన అంశం.

నష్టం ఎవరిది? ఒక లెక్క

డెల్టాలో వరికి మక్తా కౌలు ప్రబలంగా ఉన్నది. అంటే దిగుబడి ఎంత వచ్చినా ముందుగా అనుకున్న బస్తాలు యజమానికి చెల్లించాలి. దీని ఫలితాన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండుతాయని, కౌలు 15 బస్తాలని అనుకుందాం. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన బస్తా ధర సుమారు 1,777 రూపాయలు. కౌలు చెల్లించిన తరువాత రైతుకు మిగిలే 15 బస్తాల విలువ సుమారు 26,650 రూపాయలు. దున్నకం, విత్తనం, ఎరువులు, కూలీ, కోత ఖర్చులన్నీ ఇందులో నుంచే తీరాలి.

ఇప్పుడు తుఫాను వల్ల దిగుబడి మూడో వంతు తగ్గి 20 బస్తాలే వచ్చిందనుకుందాం. కౌలు మారదు కనుక రైతుకు మిగిలేవి 5 బస్తాలు, అంటే సుమారు 8,880 రూపాయలు. పంట నష్టం 33 శాతం, కౌలు రైతు వాటాలో నష్టం 67 శాతం. యజమాని రాబడిలో తగ్గుదల ఏమీ లేదు.

2022-26 కాలానికి రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల ప్రకారం, 33 శాతం లేదా అంతకు మించి పంట నష్టపోయినప్పుడు సాగునీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయల పెట్టుబడి రాయితీ, 2 హెక్టార్ల పరిమితికి లోబడి లభిస్తుంది. ఎకరాకు ఇది సుమారు 6,880 రూపాయలు, అంటే దాదాపు 4 బస్తాల విలువ. 5 బస్తాలతో మిగిలిన రైతుకు ఈ 4 బస్తాలు మరుసటి మినుము పంట విత్తడానికీ విత్తలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా. అదే సొమ్ము నష్టపోని యజమాని ఖాతాలో జమ అయితే, లెక్కల్లో సాయం పంపిణీ పూర్తయినట్లే కనిపిస్తుంది. నష్టం మాత్రం నష్టపోయినవాని వద్దే ఉండిపోతుంది. పత్రాల ప్రాధాన్యం ఇంత నిర్దిష్టమైనది.

చట్టాల నేపథ్యం

కౌలు ఒప్పందాలు నోటిమాటగానే ఎందుకు సాగుతున్నాయో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కనీస కౌలు కాలాన్ని ఆరేళ్ళుగా నిర్ణయించింది. 1974 సవరణ కౌలుదారుకు మరింత భద్రతనూ, భూమి అమ్మే సందర్భంలో ముందుగా కొనుగోలు చేసే హక్కునూ కల్పించింది. ఉద్దేశం కౌలుదారు రక్షణే. కానీ కాగితం రాస్తే భూమి చేజారుతుందనే భయం యజమానులలో స్థిరపడింది. ఫలితంగా రాతపూర్వక కౌలు దాదాపుగా కనుమరుగైంది. ఏటేటా పొలాలు మార్చే పద్ధతి కూడా పెరిగింది.

2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం వేరే మార్గం ఎంచుకున్నది. భూమిపై ఎటువంటి హక్కూ కల్పించకుండా, ఏడాది కాలానికి చెల్లే రుణ అర్హత కార్డును సాగుదారుకు ఇచ్చింది. దరఖాస్తు సాగుదారు చేసుకుంటే, రెవెన్యూ సిబ్బంది గ్రామంలో విచారించి కార్డు జారీ చేసేవారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని ప్రకారం యజమాని, సాగుదారు 11 నెలల కాలానికి నిర్ణీత నమూనాలో ఒప్పందం చేసుకుంటారు. దాని ఆధారంగా పంట సాగుదారు హక్కు పత్రం జారీ అవుతుంది. ఈ పత్రం పంట మీద మాత్రమే హక్కును గుర్తిస్తుంది. రుణం, బీమా, విపత్తు సాయం వంటి ప్రయోజనాలకు ఆధారమవుతుంది. భూమిపై యాజమాన్యానికి దీనితో సంబంధం లేదు.

రెండు చట్టాల మధ్య ఆచరణలో ఉన్న ముఖ్యమైన భేదం యజమాని సంతకం. మొదటి దానిలో అది తప్పనిసరి కాదు, రెండవ దానిలో తప్పనిసరి. కాబట్టి నేడు కౌలు రైతుకు మొదటి ఆటంకం కార్యాలయంలో కంటే ముందు యజమాని గుమ్మం వద్ద ఎదురవుతున్నది.

యజమాని సందేహాలు, ఇవ్వదగిన సమాధానాలు

యజమానులు సంతకానికి వెనుకాడటానికి మూడు కారణాలు తరచుగా వినిపిస్తాయి. విస్తరణ సిబ్బంది వాటికి సూటిగా, నిజాయితీగా సమాధానం చెప్పగలగాలి.

మొదటిది, భూమి పోతుందన్న భయం. 2019 చట్టంలో ఒప్పంద కాలం 11 నెలలు. గడువు తీరగానే పత్రం చెల్లదు. అడంగల్‌లో యాజమాన్య వివరాలు మారవు. ఈ విషయాన్ని ఒప్పంద నమూనానే చదివి వినిపిస్తూ చెప్పడం ఉత్తమం.

రెండవది, తనకు వచ్చే పెట్టుబడి సాయం ఆగిపోతుందన్న సందేహం. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి గల రైతు కుటుంబాలకే లభిస్తాయి. కౌలుదారు దానికి అర్హుడు కాదు. కాబట్టి సాగుదారు పత్రం ఇచ్చినందువల్ల ఆ సొమ్ము కౌలుదారుకు మళ్ళదు. రాష్ట్ర ప్రభుత్వ సాయం విషయంలో నిబంధనలు పథకాన్ని బట్టి మారుతూ వచ్చాయి. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా పథకం భూమిలేని షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీ వర్గాల కౌలు రైతులకు 13,500 రూపాయలు ఇచ్చింది. ఇతర వర్గాల కౌలు రైతులు దాని పరిధిలోకి రాలేదు. 2025 ఆగస్టు 2న ప్రారంభమైన అన్నదాత సుఖీభవ పథకంలో కేంద్రం ఇచ్చే 6,000 రూపాయలతో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించారు. పథకం మారినప్పుడల్లా అర్హత నిబంధనలను కొత్తగా చదివి, గ్రామంలో వివరించడం అవసరం.

మూడవది, పంట రుణం. ఇది నిజమైన చిక్కు. ఒకే సర్వే నంబరుపై ఒకే పంటకు యజమానికీ కౌలుదారుకూ రెండు రుణాలు ఇవ్వడానికి బ్యాంకులు అంగీకరించవు. యజమాని ముందే రుణం తీసుకుని ఉంటే, పత్రం ఉన్నా కౌలు రైతుకు రుణం రాదు. ఈ విషయాన్ని దాచి సంతకం కోరడం కంటే, కౌలు మాట్లాడుకునే రోజునే రుణం ఎవరు తీసుకోవాలో తేల్చుకోవడం మేలు.

ఆ చర్చకు ఒక లెక్క ఉపకరిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లిస్తే 3 శాతం ప్రోత్సాహకం పోగా నికరంగా 4 శాతం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటే అది ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలపై ఏడాదికి 4,000 రూపాయలకు, 24,000 రూపాయలకు మధ్య తేడా 20,000 రూపాయలు. బ్యాంకు రుణం కౌలు రైతుకు అందితే కౌలు బస్తాలు సకాలంలో చెల్లించే శక్తి కూడా పెరుగుతుంది. సంతకం వల్ల యజమానికీ ప్రయోజనం ఉన్నదని చూపడానికి ఇంతకంటే బలమైన వాదన లేదు. 2025 జనవరి 1 నుండి తాకట్టు అవసరం లేని వ్యవసాయ రుణ పరిమితి 1.6 లక్షల నుండి 2 లక్షల రూపాయలకు పెరిగింది. భూమిని తాకట్టు పెట్టలేని కౌలు రైతుకు ఈ మార్పు ముఖ్యమైనది.

పంట క్యాలెండరు పక్కన పత్రాల క్యాలెండరు

పత్రాల పనులను పంట దశలతో జతపరిచి చూస్తే ఏ పని ఎప్పుడు జరగాలో స్పష్టమవుతుంది.

జనవరి నుండి మే వరకు: ఊరికి దూరంగా, హైదరాబాదులోనో విదేశాలలోనో ఉండే యజమానులు సంక్రాంతికి ఇంటికి వస్తారు. సంతకం గురించి మాట్లాడటానికి అదే అనువైన సమయం. జూన్‌లో ఫోను చేసి అడిగితే సమాధానం వాయిదా పడుతుంది. ఉగాది తరువాత కౌలు ఖాయమయ్యే వేళ బస్తాల సంఖ్యతో పాటు సంతకం, రుణం, విపత్తు సాయం ఎవరికి అనే మూడు విషయాలూ తేలాలి. దేవాదాయ భూములను వేలంలో పాడుకున్న రైతులు తమ కౌలు ఉత్తర్వు, చెల్లింపు రశీదులను భద్రపరచుకోవాలి.

జూన్: కాలువలకు నీరు వదిలి నారుమళ్ళు పోసే నాటికి సాగుదారు హక్కు పత్రం చేతికి రావాలి. యజమాని పట్టాదారు పాసుపుస్తకంలోని సర్వే నంబరు, ఉపవిభాగం, విస్తీర్ణం ఒప్పందంలో యథాతథంగా ఉన్నాయో లేదో చూడాలి. ఉపవిభాగపు అంకె ఒకటి తప్పినా ఆ తప్పు ఈ-పంట, బీమా, ధాన్యం కొనుగోలు వరకు వెంట వస్తుంది. పత్రం 11 నెలలు చెల్లుతుంది కాబట్టి జూన్‌లో తీసుకుంటే సార్వా వరికీ, తరువాతి మినుముకూ సరిపోతుంది. సెప్టెంబరులో తీసుకుంటే రుణం తీసుకునే అదను అప్పటికే దాటిపోతుంది.

జులై, ఆగస్టు: రుణ దరఖాస్తు, బీమా నమోదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ప్రీమియం ఆహార పంటలకు ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం. కౌలు రైతులు, పాలుకు చేసేవారు కూడా దీనికి అర్హులు. 2020 తరువాత రుణం తీసుకున్న రైతులకు కూడా ఇది ఐచ్ఛికమైంది. రాష్ట్రంలో కొన్నేళ్ళపాటు ప్రీమియం పూర్తిగా ప్రభుత్వమే భరించినందున, నమోదు దానంతట అదే జరుగుతుందని నేటికీ కొందరు భావిస్తున్నారు. 2024-25 రబీ నుండి రైతు స్వయంగా ముందుకు వచ్చి తన వాటా చెల్లించవలసి ఉన్నది. నమోదు గడువును ఆ సీజను ప్రకటనలో చూసుకోవాలి.

ఆగస్టు, సెప్టెంబరు: ఈ-పంట నమోదు. రైతు సేవా కేంద్రం సిబ్బంది పొలం చూసి పంట నమోదు చేసిన తరువాత, రైతు వేలిముద్రతో ధ్రువీకరణ పూర్తి చేయాలి. దివిసీమ శివారు పొలాలలో నాట్లు ఆలస్యమైనప్పుడు, సిబ్బంది వచ్చిన నాటికి పొలం ఖాళీగా కనిపించవచ్చు. అటువంటి పొలాల జాబితాను ముందుగానే ఇచ్చి రెండవసారి పరిశీలన కోరాలి. సామాజిక తనిఖీ కోసం జాబితా ప్రదర్శించినప్పుడు సాగుదారు పేరు, విస్తీర్ణం, రకం సరిచూసుకోవాలి. తప్పు సవరించుకోవడానికి మిగిలే చివరి అవకాశం అదే.

నవంబరు, డిసెంబరు: కోత, ధాన్యం అమ్మకం. మద్దతు ధరకు కొనుగోలు ఈ-పంట వివరాల ఆధారంగా జరుగుతుంది. సాగుదారు పేరు లేకపోతే ధాన్యం యజమాని పేరున అమ్మి, సొమ్ము కోసం అతని ఖాతా వైపు చూడాలి. లేదా తక్కువ ధరకు దళారికి ఇవ్వాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉన్నదో లేదో ఈలోగానే నిర్ధారించుకోవాలి.

డిసెంబరు నుండి మార్చి వరకు: వరి మాగాణుల్లో మినుము. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే ఈ పంటకు ఈ-పంట నమోదు, బీమా నమోదు మళ్ళీ విడిగా చేయించాలి. ఖరీఫ్ నమోదు రబీకి పనికిరాదు.

విపత్తు సంభవించినప్పుడు

తుఫాను తరువాత రైతుకు రెండు వేర్వేరు మార్గాలలో సాయం అందే అవకాశం ఉన్నది. వీటిని కలగలిపి చెప్పడం వల్లనే గ్రామాలలో ఎక్కువ అపోహలు పుడుతున్నాయి.

పెట్టుబడి రాయితీకి పొలం వారీ నష్ట గణన ఆధారం. గణన బృందం వచ్చిన రోజున కౌలు రైతు పొలంలో ఉండటం, తన పత్రం చూపడం, తయారైన జాబితాలో పేరు, ఖాతా నంబరు చూసుకోవడం ముఖ్యం.

బీమాలో ప్రధాన పంటకు గ్రామం యూనిట్. పంచాయతీకి నాలుగు పంట కోత ప్రయోగాలు జరిపి, సగటు దిగుబడి హామీ దిగుబడి కంటే తగ్గితేనే ఆ యూనిట్‌లోని బీమా రైతులందరికీ పరిహారం వస్తుంది. ఒక్కరి పొలం పాడైనంత మాత్రాన ఈ పద్ధతిలో పరిహారం రాదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి. కోసి పనలపై ఆరబెట్టిన పంట 14 రోజుల లోపు తుఫానుకు, అకాల వర్షానికి దెబ్బతింటే పొలం వారీగా అంచనా వేస్తారు. ఇందుకు నష్టం జరిగిన 72 గంటలలోగా సమాచారం ఇవ్వాలి. మొత్తం యూనిట్‌లో 75 శాతానికి మించి విస్తీర్ణంలో విత్తడం సాధ్యం కాకపోతే బీమా మొత్తంలో 25 శాతం చెల్లించే నిబంధన శివారు గ్రామాలకు ఉపయోగపడవచ్చు. ఈ వర్తింపులలో ఏవి అమలులో ఉన్నాయో రాష్ట్ర ప్రభుత్వం సీజను వారీగా ప్రకటిస్తుంది. 2018లో వరికి తొలగించిన ముంపు రక్షణను 2026 ఖరీఫ్ నుండి పునరుద్ధరిస్తున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. మురుగు సమస్య గల గుడివాడ, దివిసీమ గ్రామాలకు ఇది ప్రత్యేకంగా గమనించదగినది.

విద్యుత్తు, ఫోను సౌకర్యం దెబ్బతిన్న సమయంలో 72 గంటలు చాలా స్వల్పం. కాబట్టి పాలసీ నంబరు, సర్వే నంబరు, సాగుదారు పత్రం నకలు, ఖాతా వివరాలు ఒక్క కాగితంపై రాసి తడవని సంచిలో పెట్టుకోవాలని తుఫాను హెచ్చరిక సలహాలలోనే చేర్చాలి. పనలు గట్టున కుప్ప వేయడం, ఉప్పు ద్రావణం చల్లడం వంటి సలహాల పక్కనే ఇదీ ఉండాలి.

సంతకం దొరకని రైతుకు ఉన్న దారులు

ఎంత నచ్చజెప్పినా కొందరు యజమానులు సంతకం చేయరు. అటువంటి రైతులకు ఉమ్మడి బాధ్యతా సంఘం ఒక దారి. ఒకే గ్రామానికి చెందిన 4 నుండి 10 మంది పరస్పర హామీతో ఏర్పడే ఈ సంఘాలను నాబార్డు ప్రోత్సహిస్తున్నది. భూమి తాకట్టు అవసరం లేదు. మౌఖిక కౌలుదారులు, పాలుకు చేసేవారు కూడా సభ్యులు కావచ్చు. 2014-15 కేంద్ర బడ్జెట్ భూమిలేని రైతుల కోసం 5 లక్షల ఉమ్మడి బాధ్యతా సంఘాలకు రుణం ఇవ్వాలని ప్రతిపాదించింది. ఈ సంఘాల బలం సభ్యుల ఎంపికలోనే ఉన్నది. రుణం కోసం చివరి వారంలో కూర్చిన పేర్లు ఒకరి బాకీని మరొకరు మోయవు. కనీసం ఒక సీజను ముందు నుండే నెలవారీ సమావేశం, పొదుపు మొదలుపెట్టిన సంఘం బ్యాంకు ముందు ధైర్యంగా నిలబడగలదు.

రెండవ దారి రైతు ఉత్పత్తిదారుల సంస్థ. ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యత్వానికి పంట పండించడం అర్హత. భూమి పట్టా అవసరం లేదు. కౌలు రైతు ఇక్కడ యజమానితో సమానంగా వాటాదారు కాగలడు. 2020లో ప్రారంభమైన 10,000 సంస్థల పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులున్న సంస్థకు మూడేళ్ళలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ వ్యయం, సభ్యునికి 2,000 రూపాయల వరకు, మొత్తం 15 లక్షలకు మించకుండా, సమాన వాటా గ్రాంటు లభిస్తాయి. 300 మంది ఉంటే గ్రాంటు గరిష్ఠంగా 6 లక్షలు. 15 లక్షలు పూర్తిగా పొందాలంటే 750 మంది వాటా చెల్లించాలి.

వచ్చిన నిధిని నిలబెట్టుకోవడం

నిధి రావడం మొదటి సగమే. గ్రాంటులు విడతలుగా వస్తాయి. మొదటి విడత లెక్క సరిగా లేకపోతే రెండవది రాదు. బాగా పండించగల సంఘాలు కూడా లెక్క రాయలేక ఆగిపోవడం విచారకరం. ఉత్పత్తిదారుల కంపెనీ వార్షిక పత్రాలు గడువులోగా దాఖలు చేయకపోతే ఒక్కొక్క పత్రానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది. ఏడాది పాటు మరచిపోతే ఒక్క పత్రానికే 36,500 రూపాయలు. చిన్న సంస్థకు అది ఒక సీజను లాభానికి సమానం కావచ్చు.

ఆంధ్రప్రదేశ్ మహిళా స్వయం సహాయక సంఘాలకు పుస్తక నిర్వహణ కొత్తది కాదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను వారు దశాబ్దాలుగా పాటిస్తున్నారు. కౌలు రైతు కుటుంబాలలో చాలామంది స్త్రీలకు ఈ అనుభవం ఉన్నది. రైతు సంఘాల లెక్కల బాధ్యత వారికి అప్పగించడం ఆచరణయోగ్యమైన మార్గం.

కనీస క్రమశిక్షణగా నాలుగు నియమాలు చాలు. గ్రాంటు సొమ్మును వాటా ధనంతో కలపకుండా విడి ఖాతాలో ఉంచాలి. ఖర్చుకు ముందే తీర్మానం రాయాలి. ప్రతి చెల్లింపుకు రశీదు ఉండాలి, నగదు చెల్లింపులు తగ్గించాలి. మూడు నెలలకొకసారి జమాఖర్చులను సభ్యుల ముందు పైకి చదివి వినిపించాలి. చదువురాని సభ్యుడు కూడా అడ్డుకుని ప్రశ్నించగలిగేది చదివి వినిపించినప్పుడే. వినియోగ ధ్రువపత్రం ఈ పుస్తకాల నుండి దానంతట అదే తయారవుతుంది. పుస్తకాలు లేకుండా తయారైనది తనిఖీకి నిలవదు.

విస్తరణ విభాగం, విద్యార్థులు చేయదగినవి

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, పరిశోధన స్థానాలు కొత్త వ్యవస్థ ఏదీ నెలకొల్పకుండానే ఈ పని చేపట్టగలవు.

సీజను ముందు జరిగే రైతు శిక్షణలో ఒక గంట పత్రాలకు కేటాయించి, గ్రామ రెవెన్యూ అధికారిని, బ్యాంకు ప్రతినిధిని పిలవాలి. ప్రదర్శన క్షేత్రాలు, మినీకిట్ల ఎంపికలో భూమి గల రైతుతో పాటు వాస్తవ సాగుదారును లెక్కలోకి తీసుకోవాలి. తుఫాను సలహాలలో 72 గంటల నిబంధన తప్పక చేర్చాలి.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామంలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు, తమకు కేటాయించిన రైతులలో కనీసం ఇద్దరు కౌలు రైతులుండేలా చూసుకోవాలి. పంట వివరాలతో పాటు పత్రం తీసుకున్న తేదీ, ఈ-పంట తేదీ, బీమా తేదీ, సొమ్ము ఎవరి ఖాతాలో జమ అయిందీ నమోదు చేయాలి. నాటు తేదీకి, దిగుబడికి మధ్య సంబంధాన్ని మనం శ్రద్ధగా అధ్యయనం చేస్తాం. పత్రం తేదీకి, రైతు నికర ఆదాయానికి మధ్య సంబంధం కూడా అంతే శ్రద్ధతో అధ్యయనం చేయదగిన విషయం. ఏ దశలో ఎంతమంది జారిపోతున్నారో తెలిస్తే, చర్య ఎక్కడ తీసుకోవాలో పరిపాలనకు చెప్పడం సాధ్యమవుతుంది.

ముగింపు

రైతులకు అప్పు అందించాలనే ఆలోచనకు మచిలీపట్నం కొత్త ఊరు కాదు. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించినది ఇక్కడే. నూరేళ్ళ తరువాత ఈ ప్రాంతంలో బ్యాంకులకు, పథకాలకు కొరత లేదు. పొలంలో నిలబడిన మనిషికీ రికార్డులో ఉన్న పేరుకూ మధ్య దూరమే మిగిలి ఉన్నది. ఆ దూరం పూర్తిగా తగ్గడానికి చట్టంలో మార్పులు అవసరం కావచ్చు. ఉన్న చట్టంతోనే ఈ జూన్‌లో చేయగలిగినది మాత్రం చాలా ఉన్నది. చౌడును తట్టుకునే రకం విత్తనం సకాలంలో చేర్చినట్లే, సాగుదారు పత్రాన్ని కూడా నారుమడి నాటికి చేర్చగలిగితే, నవంబరులో వచ్చే తుఫానుకు కౌలు రైతు ఒంటరిగా ఎదురు నిలబడవలసిన అవసరం ఉండదు.